తాతయ్య భయం నా దాకా ఎలా వచ్చింది? నా బిడ్డ దాకా వెళ్ళకుండా ఆపొచ్చా?

మీరు రాసినదాన్ని ముందు కుదించి చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీ తాతయ్య చిన్నతనంలో కళ్ళెదుటే అయినవాళ్ళను పోగొట్టుకున్నారు. బతికినన్నాళ్ళూ ఆ సంగతి ఎత్తలేదు. మీ నాన్న రాత్రి పడుకునే ముందు తలుపు గడియ మూడుసార్లు చూసుకునేవారు, చిన్నదానికీ పెద్దదానికీ మండిపడేవారు. మీకు మాత్రం ఏ ఘోరమూ జరగలేదు. అయినా గట్టి చప్పుడైతే గుండె జారిపోతుంది, ఇంటికి రావలసినవాళ్ళు పావుగంట ఆలస్యమైతే చావు వార్త దాకా ఊహ వెళ్ళిపోతుంది. మీ భార్యకు ఇప్పుడు ఆరో నెల. ఇదంతా రక్తంలోనే ఉందా, బిడ్డకు రాకుండా ఆపొచ్చా అని మీ ప్రశ్న. చివర్లో మీ నాన్నకు బిడ్డను అప్పగించొచ్చా అని కూడా అడిగారు.

సూటి జవాబు: చాలావరకు ఆపొచ్చు. రక్తానికి కొంత పాత్ర ఉండొచ్చు గానీ, ఇళ్ళలో గాయం తరం దాటేది ఎక్కువగా రోజువారీ పెంపకం దారిలోనే. ఆ దారిలో మీరు పని చేయగలరు. అందుకు మీలోని భయం మొత్తం ముందే పోవాల్సిన అవసరం లేదు. మీ భయానికి ఒక కథ దొరకాలి, బిడ్డ ముందు అది బయటపడినప్పుడు సరిదిద్దుకోవడం రావాలి. కింద రాసిందంతా ఈ రెండింటి గురించే.

ముందు, అది ఎలా వస్తుందో. జరిగిన సంఘటన పిల్లలకు రాదు. దాని నుంచి బతికి బయటపడటానికి పెద్దవాళ్ళ శరీరం నేర్చుకున్న జాగ్రత్తలు వస్తాయి. మీ తాతయ్యకు ఒకనాడు చప్పుడంటే చావు. ఆయన శరీరం ఉలిక్కిపడటం నేర్చుకుంది, ఆ రోజుకు అది సరైన పాఠమే. మీ నాన్న ఆ ఉలికిపాటును చూస్తూ పెరిగారు, కారణం మాత్రం వినలేదు. కారణం తెలిసిన భయానికి ఒక హద్దుంటుంది: ఫలానా చోట, ఫలానా రోజుల్లో జరిగింది, అయిపోయింది. కారణం తెలియని భయం ఎక్కడైనా వాలుతుంది. మీ దాకా వచ్చేసరికి కథ రాలిపోయి ఉలికిపాటు ఒక్కటే మిగిలింది.

మాటలు రాని పసిబిడ్డ కూడా దీన్ని పట్టుకుంటుంది. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త 1970లలో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. తల్లి బిడ్డతో మామూలుగా ఆడుతూ ఆడుతూ, కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా బిగుసుకుపోతుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, అరుస్తుంది, చివరికి ముఖం తిప్పేసుకుంటుంది. పాత జ్ఞాపకంలోకి జారిపోయిన తల్లి ముఖం గానీ తండ్రి ముఖం గానీ బిడ్డకు కనిపించేది ఇలాగే: మనిషి ఎదురుగా ఉన్నాడు, లోపల ఎవరూ లేరు. ఇలాంటివి నూరుసార్లు, వేయిసార్లు జరిగితే బిడ్డ తన పద్ధతి తాను కట్టుకుంటుంది. కొందరు గొడవ చేసి ఆ ముఖాన్ని కదిలించడం నేర్చుకుంటారు. కొందరు అడగడం మానేస్తారు.

ముఖం తర్వాత ఇంటి రూల్స్. ఎవరూ రాసి పెట్టరు, అందరూ పాటిస్తారు. "ఏడిస్తే బలహీనులని తెలిసిపోతుంది", "బయటివాళ్ళకు ఏదీ చెప్పకు", "ఎక్కువ నవ్వితే ఏదో ఒకటి జరుగుతుంది". ఇవి ఒకప్పుడు ప్రాణం కాపాడిన రూల్సే. ప్రమాదం పోయినా రూల్ పోకపోవడం దగ్గరే చిక్కు.

మూడోది, నా ఉద్దేశంలో అందరూ తక్కువ అంచనా వేసేది, పాత్రలు తారుమారవడం. అమ్మ దిగులుగా ఉంటే నవ్వించేది పిల్ల, నాన్న కోపాన్ని ముందే పసిగట్టి తమ్ముణ్ణి పక్క గదిలోకి తీసుకెళ్ళేది పిల్ల. ఇలా పెరిగిన పిల్లలను చుట్టుపక్కలవాళ్ళు "ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పాతికేళ్ళ తర్వాత వాళ్ళే "నాకేం కావాలో నాకు తెలియదు" అంటూ వస్తారు.

ఇక రక్తం సంగతి. ఈ చర్చ కొత్తదేమీ కాదు. 1966లోనే కెనడాలో వివియన్ రాకాఫ్ అనే సైకియాట్రిస్టు, నాజీ క్యాంపుల నుంచి బయటపడినవాళ్ళ పిల్లలు చికిత్సకు ఎక్కువగా వస్తున్నారని రాశాడు. క్యాంపులో ఉన్నది తల్లిదండ్రులు, ఆసుపత్రికి వచ్చింది పిల్లలు. తర్వాత ఎపిజెనెటిక్స్ వచ్చింది. జన్యువు అక్షరాలు మారవు, ఏ జన్యువు ఎంత గట్టిగా పనిచేయాలో చెప్పే రసాయన గుర్తులు మారతాయి. వాటిలో ఎక్కువగా పరిశీలించింది మిథైలేషన్, అంటే జన్యువు మీద మిథైల్ అనే చిన్న రసాయన ముక్క అతుక్కోవడం. 1944–45 చలికాలంలో జర్మన్ సైన్యం సరఫరాలు ఆపేయడంతో పశ్చిమ నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. ఆ కరువులో కడుపున పడినవాళ్ళను అరవై ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే, పెరుగుదలతో సంబంధమున్న ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైలేషన్ వాళ్ళ సొంత తోబుట్టువుల్లో కంటే తక్కువగా కనిపించింది. ఆ ఫలితం 2008లో వచ్చింది. రేచెల్ యెహూదా అనే పరిశోధకురాలి బృందం హోలోకాస్ట్ (నాజీలు యూదుల మీద సాగించిన మారణకాండ) బాధితుల్లోనూ వాళ్ళ పిల్లల్లోనూ, ఒత్తిడి హార్మోన్ వ్యవస్థతో సంబంధమున్న ఎఫ్‌కేబీపీ5 జన్యువు మీద తేడాలు చూసింది.

పత్రికల్లో హెడ్‌లైన్లు వీటి మీదే వస్తాయి గనుక కొంచెం ఆగి చూడండి. యెహూదా పరిశీలనలో ఉన్నది 32 మంది బాధితులు, 22 మంది పిల్లలు. చూసింది రక్తకణాలను, మెదడును కాదు. ఆ పిల్లలు పెరిగింది ఆ తల్లిదండ్రుల దగ్గరే కాబట్టి, గుర్తు పుట్టుకతో వచ్చిందా పెంపకంతో వచ్చిందా విడదీయలేం. డచ్ కరువు నేరుగా గర్భంలోని పిండానికే తగిలింది, అది వారసత్వం కిందికి రాదు. ఎలుకల్లో మాత్రం రుజువు కాస్త గట్టిది. 2013లో డయాస్, రెస్లర్ అనే పరిశోధకులు ఒక వాసనను షాక్‌తో జతచేసి మగ ఎలుకలకు భయం నేర్పితే, ఆ వాసన ఎన్నడూ చూడని కొడుకులు, మనవలు కూడా దానికి ఎక్కువగా ఉలిక్కిపడ్డాయి. మనుషుల్లో అలాంటి తేటతెల్లమైన రుజువు లేదు. "ట్రామా జీన్" (మానసిక గాయపు జన్యువు) పరీక్ష చేస్తామని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి. మీ చికిత్సను మార్చగల సమాచారం ఏదీ అందులో రాదు.

నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఉపయోగపడే ప్రయోగం మైకేల్ మీనీ అనే శాస్త్రవేత్త బృందానిది, 2004లో వచ్చింది. పిల్లలను బాగా నాకి సవరించే తల్లి ఎలుకల దగ్గర పెరిగినవి ఒత్తిడికి తొందరగా స్థిమితపడతాయి, వాటి మెదడులో ఒత్తిడి హార్మోన్‌ను అందుకునే గ్రాహకానికి చెందిన జన్యువు మీద మిథైలేషన్ కూడా తక్కువ. పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్లను పుట్టిన వెంటనే బాగా నాకే తల్లి దగ్గర పెడితే, అదీ స్థిమితమైన ఎలుకగానే పెరిగింది. గుర్తు పడింది కడుపులో కాదు, నాలుక కింద. మీ ప్రశ్నకు ఇదే సగం జవాబు.

పక్కా లెక్కలు కూడా భయపడినంత చెడ్డగా లేవు. చిన్నప్పుడు హింసకు గురైనవాళ్ళంతా తమ పిల్లలను హింసిస్తారన్న మాట తప్పు. 1987లో కాఫ్‌మన్, జిగ్లర్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు కలిపి చూసి, అలా హింసించేవాళ్ళు సుమారు 30 శాతమని అంచనా వేశారు. తక్కువేం కాదు, కానీ ఎక్కువమంది ఆపగలిగారని కూడా దానికి అర్థం. హోలోకాస్ట్ కుటుంబాల మీద 2003లో వాన్ ఐజెన్‌డోర్న్ బృందం 32 నమూనాలను కలిపి విశ్లేషించింది. చికిత్సకు వచ్చినవాళ్ళను పక్కన పెట్టి మామూలు జనంలో చూస్తే, బాధితుల పిల్లలు మిగతావాళ్ళ కంటే అధ్వాన్నంగా ఏమీ లేరు. అంటే ప్రతి గాయమూ దిగిరాదు. మేం థెరపీలో రోజూ చూసేది దిగివచ్చినవాళ్ళనే, అందుకని మా వృత్తిలోవాళ్ళకు చూపు కాస్త వంకర పోతుంది.

ఆపగలిగినవాళ్ళలో ఏముంది? 1988లో ఎగెలాండ్, జాకబ్‌విట్జ్, స్రూఫ్ హింసలో పెరిగిన తల్లులను పోల్చి చూస్తే, పిల్లల మీద చెయ్యి చేసుకోనివాళ్ళలో మూడు విషయాలు ఎక్కువగా కనిపించాయి: చిన్నప్పుడు ఆదరించిన పెద్దమనిషి ఒక్కరైనా ఉండటం, ఎప్పుడో ఒకప్పుడు థెరపీ తీసుకుని ఉండటం, ఇప్పుడు తోడుగా నిలిచే భాగస్వామి ఉండటం. మొదటిది జరిగిపోయింది, మార్చలేం. మిగతా రెండూ మీ చేతిలో ఉన్నాయి. గర్భం సమయం దీనికి చాలా మంచిది కూడా. 1991లో ఫోనగీ, స్టీల్ దంపతులు లండన్‌లో గర్భిణులను వాళ్ళ బాల్యం గురించి వివరంగా అడిగి, పుట్టిన బిడ్డకు ఏడాది వచ్చాక తల్లితో అనుబంధం ఎలా ఉందో చూశారు. సుమారు నాలుగింట మూడొంతుల కేసుల్లో, ఆ మాటలను బట్టి ముందే అంచనా వేసినట్టే జరిగింది. గమనించాల్సింది ఏమంటే, ఆ ఇంటర్వ్యూలో మార్కులు పడేది బాల్యం బాగుందా లేదా అన్నదానికి కాదు. దాన్ని ఎంత పొందికగా, తప్పించుకోకుండా, అందులోనే కొట్టుకుపోకుండా చెప్పగలుగుతున్నారు అన్నదానికి. చెడ్డ బాల్యాన్ని స్థిమితంగా చెప్పగలిగిన తల్లి బిడ్డ భద్రంగానే ఉంది. ఇలా తర్వాత సంపాదించుకున్న భద్రతకు మేం విడిగా పేరు కూడా పెట్టుకున్నాం, "సాధించుకున్న భద్రత" అని.

మీకు చేతిలో మూడు నెలలున్నాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ ముఖ్యం. చాలామంది తిరగేసి చేస్తారు. నేరుగా నాన్న దగ్గరకు వెళ్ళి "తాతయ్యకు ఏం జరిగింది" అని అడుగుతారు, ఆయన కేకలేస్తారు, వీళ్ళు మూడు నెలలు మాట్లాడుకోరు.

మొదటి రెండు వారాలు మీ మీదే. ఒక నోటుబుక్‌లో నాలుగు గళ్ళు గీయండి. ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, 0 నుంచి 10లో ఎంత, ఆ క్షణంలో మీ వయసెంత అనిపించింది. చివరి గడి వింతగా ఉంటుంది గానీ అదే పనికొస్తుంది. 3 అంకె పడాల్సిన చోట 8 పడితే, ఆ మిగిలిన ఐదూ ఈ రోజువి కావు. రెండు వారాల తర్వాత తిరిగి చదివితే రెండో మూడో సందర్భాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. మీ ఉత్తరం చూస్తే ఒకటి చప్పుడు, ఇంకొకటి ఎదురుచూపు అనుకుంటున్నాను. బిడ్డ పుట్టాక ఈ రెండూ రోజుకు నలభైసార్లు ఎదురవుతాయి కాబట్టి ఇప్పుడే తెలియడం మంచిది.

దాంతోపాటు ఒంట్లోని కంగారును దించడం నేర్చుకోవాలి. 4 లెక్కపెడుతూ ఊపిరి తీసుకోవడం, 6 లెక్కపెడుతూ వదలడం, అంటే నిమిషానికి ఆరు ఊపిరులు, ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ప్రశాంతంగా ఉన్నప్పుడు అభ్యాసం చేయాలి. గుండె దడదడలాడేటప్పుడు మొదటిసారి ప్రయత్నిస్తే పని చేయదు, అప్పుడు "ఇది నాకు పడదు" అని వదిలేస్తారు. కొందరికి ఊపిరి మీద ధ్యాస పెడితేనే కంగారు పెరుగుతుంది. గొంతు నులమడం, మునిగిపోవడం లాంటివి అనుభవించినవాళ్ళలో ఇది తరచుగా చూస్తాం. వాళ్ళు కళ్ళు తెరిచే ఉంచి, పాదాలను నేలకేసి గట్టిగా నొక్కి, గదిలో ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పడం మేలు.

తర్వాత మూడు తరాల పటం. జీనోగ్రామ్ అంటాం. పెద్ద కాగితం, పెన్సిల్. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం, చనిపోయినవాళ్ళ మీద ఇంటూ గుర్తు, పక్కన పుట్టిన, పోయిన సంవత్సరాలు. ఎప్పుడూ తగాదా పడేవాళ్ళ మధ్య వంకరటింకర గీత, దూరంగా ఉండేవాళ్ళ మధ్య చుక్కల గీత, మాటలే లేనివాళ్ళ మధ్య తెగిన గీత. దాని మీద సంఘటనలు వేయండి: అకాల మరణాలు, పోయిన పసిబిడ్డలు, ఇల్లు వదిలి వెళ్ళడాలు, జైలు, ఆస్తి పోవడం, తాగుడు, ఆత్మహత్యలు. ఒక్కసారే కూర్చుని పూర్తి చేయొద్దు. గంట చొప్పున రెండు మూడు సార్లు చాలు. నిద్ర చెడితే ఒక వారం ఆపండి.

పటంలో వెతకాల్సింది సంఘటనల కంటే వయసులు. మీ తాతయ్యకు ఆ ఘోరం ఏడో ఏట జరిగిందనుకోండి. మీ నాన్నకు ఏడేళ్ళప్పుడు ఇంట్లో ఏం జరిగింది? మీకు ఏడేళ్ళు వచ్చినప్పుడు మీ నాన్న ఎలా మారారు? తాము దెబ్బ తిన్న వయసుకు పిల్లలు వచ్చేసరికి తల్లిదండ్రులు కారణం లేకుండా కలత చెందడం, అతిగా కట్టడి చేయడం, లేదా ఉన్నట్టుండి దూరం జరగడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. ఇది ముందే తెలిస్తే ఆ ఏడాది వచ్చినప్పుడు ఆశ్చర్యపోరు. ఇంకోటి: పటంలో ఖాళీలు. ఒక పేరు ఉండి పక్కన ఎవరూ ఏమీ చెప్పలేకపోతే, ఇంటి మౌనం సాధారణంగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

అప్పుడు మీ నాన్నతో మాట. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎక్కువ చెడేది ఇక్కడే.

ఎదురెదురుగా కూర్చోవద్దు. పక్కపక్కన నడుస్తూనో, చేతిలో ఏదైనా పని ఉండగానో మొదలుపెట్టండి. కళ్ళలోకి చూడాల్సిన అవసరం లేకపోతే నోరు తేలిగ్గా కదులుతుంది. మొదటి ప్రశ్న ఘోరం గురించి కాదు, దానికి ముందటి జీవితం గురించి: "తాతయ్య చిన్నప్పుడు వాళ్ళింట్లో ఎవరెవరు ఉండేవాళ్ళు? ఆయన మీకు ఏం పని నేర్పారు?" ఆ తర్వాత ఆయన గురించి కాకుండా మీ నాన్న గురించి అడగండి: "ఆయన మాట్లాడకుండా ఉండిపోతే మీకు చిన్నప్పుడు ఎలా ఉండేది?" తాతయ్య గాయం గురించి మీ నాన్నకూ తెలిసుండకపోవచ్చు. ఆ మౌనంలో బతకడం ఎలా ఉంటుందో మాత్రం ఆయనకు బాగా తెలుసు. ఆ సంగతి ఆయన్ను ఎవరూ అడిగి ఉండరు.

అరగంట, నలభై నిమిషాలకు మించొద్దు. మౌనం వస్తే నింపకండి, పది పదిహేను సెకన్లు ఆగండి, చాలాసార్లు అసలు మాట ఆ తర్వాతే వస్తుంది. హింస వివరాలు తవ్వకండి. ఆయన చూపు ఒకచోట నిలిచిపోయినా, గొంతు బొంగురుపోయి మాట ముక్కలైనా, చేతులు చల్లబడినా, అక్కడికి ఆపి ఇవాళ్టి సంగతుల్లోకి తీసుకురండి. ప్రతిసారీ వర్తమానంలోనే ముగించాలి. రికార్డు చేయాలంటే ముందే అడగండి, దొంగచాటుగా చేస్తే అది బయటపడిన రోజున దారి శాశ్వతంగా మూసుకుంటుంది. అన్నిటికంటే పెద్ద పొరపాటు, ఇదే సందర్భంలో మీ లెక్కలు తేల్చుకోవాలనుకోవడం. "మీరు నన్ను ఎందుకు కొట్టారు" అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి వేరే రోజు కావాలి, బహుశా మధ్యలో ఒక థెరపిస్టు కూడా కావాలి.

ఆయన నోరు విప్పకపోతే? విప్పకపోవచ్చు. మాట్లాడించడం చికిత్సకు షరతు కాదు. మీ అత్తలనో పెదనాన్ననో అడగండి, లేదా ఉన్నంతే ఉంచుకోండి. "మా ఇంట్లో పెద్ద నష్టం జరిగింది, దాని గురించి ఎవరూ మాట్లాడలేకపోయారు, ఆ భయం మా అలవాట్లలో ఉండిపోయింది" అన్న మూడు ముక్కలు కూడా కథే. వివరాలు లేకపోయినా పొందిక ఉంది. ఖాళీలను ఊహతో నింపకండి. హిప్నాసిస్‌తో మరుగున పడిన జ్ఞాపకాలు బయటికి తీస్తామనేవాళ్ళ దగ్గరకు అసలే వెళ్ళకండి. జరగని సంఘటనలు జరిగినట్టు గుర్తు చేయడం చాలా తేలిక, ఆ తర్వాత కుటుంబాన్ని అతకడం చాలా కష్టం. ముక్కూమొహం తెలియనివాళ్ళు మీ తాతయ్య వేషం కట్టి "క్షమించాను" అనే ఒక్క పూట వర్క్‌షాపులకూ నా ఓటు లేదు. లోపలిదాన్ని కదిపేస్తారు, మర్నాడు పొద్దున ఫోన్ ఎత్తేవాళ్ళుండరు.

థెరపీ ఎప్పుడు, ఏది? మీకు నేరుగా ఏ ప్రమాదమూ జరగలేదు. ఉలికిపాటు, ఆందోళన మాత్రం ఉన్నాయి. అలాంటప్పుడు పీటీఎస్‌డీకి (ఘోరమైన సంఘటన తర్వాత వదలకుండా వేధించే మానసిక రుగ్మతకు) వాడే పద్ధతులన్నీ సరిపోకపోవచ్చు. ఆందోళనకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే పద్ధతి), లేదా అటాచ్‌మెంట్ (దగ్గరివాళ్ళతో అనుబంధం) మీద పనిచేసే థెరపీ మొదట చూడొచ్చు. మీ నాన్న చేతిలో దెబ్బలు తిన్న జ్ఞాపకాలు పీడకలలుగా వస్తుంటే లెక్క మారుతుంది. పీటీఎస్‌డీ లక్షణాలను కొలిచే పీసీఎల్-5 అనే ప్రశ్నావళి ఉంది, 20 ప్రశ్నలు, 0 నుంచి 80 స్కోరు. 31–33 దాటితే పూర్తి పరీక్ష చేయించుకోవాలి. అది రోగ నిర్ధారణ మాత్రం కాదు. పీటీఎస్‌డీ అని తేలితే బలమైన రుజువున్న పద్ధతులు మూడు: ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (తప్పించుకుంటున్న జ్ఞాపకాలను భద్రంగా, మెల్లగా ఎదుర్కోవడం), మామూలుగా 8 నుంచి 15 సెషన్లు; కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (గాయం వల్ల పాతుకుపోయిన నమ్మకాలను పరీక్షించి మార్చుకోవడం), 12 సెషన్లు; ఈఎండీఆర్ (కళ్ళను అటూ ఇటూ కదుపుతూ జ్ఞాపకం మీద పని చేయడం), ఎనిమిది దశల్లో. ఏళ్ళ తరబడి చిన్నతనమంతా సాగిన గాయానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అప్పుడు ముందు భద్రత, స్థిమితం, తర్వాతే జ్ఞాపకాల మీద పని. 1992లో జుడిత్ హెర్మన్ అనే సైకియాట్రిస్టు చెప్పిన ఈ క్రమాన్ని చాలామంది ఇప్పటికీ పాటిస్తున్నారు. సెర్ట్రలీన్ లాంటి డిప్రెషన్ మందులు కొందరికి బాగా తోడ్పడతాయి, అది సైకియాట్రిస్టు చూసి చెప్పాలి. బెంజోడయజెపైన్ రకం నిద్రమాత్రలు ట్రామాకు చికిత్స కావు, అలవాటు పడితే అదో తలనొప్పి.

థెరపిస్టును మూడు ప్రశ్నలు అడగండి. ఏ పద్ధతిలో శిక్షణ పొందారు? మెరుగవుతున్నానని దేనితో కొలుస్తారు? సెషన్ల మధ్యలో దిగజారితే ఏం చేయాలి? మూడోదానికి తడుముకునేవాళ్ళ దగ్గర జ్ఞాపకాలు తెరవొద్దు. మొదటి కొన్ని వారాల్లో కాస్త కలత పెరగడం మామూలే, అక్కడే సగంమంది మానేస్తారేమో అనిపిస్తుంది నాకు. ఎనిమిది సెషన్ల తర్వాత కూడా స్కోరు కదలకపోతే పద్ధతి గురించి మాట్లాడాల్సిందే.

ఒక హద్దు. ఇంట్లో ఇప్పుడు హింస నడుస్తున్నా, చనిపోవాలన్న ఆలోచనలున్నా, తాగుడు అదుపు తప్పినా పైన రాసినవన్నీ పక్కన పెట్టండి. ముందు భద్రత, ముందు డాక్టరు. మంటల్లో ఉన్న ఇంట్లో పాత ఉత్తరాలు చదవలేం.

ఇక బిడ్డ పుట్టాక. ట్రోనిక్ చూసిన ఇంకో సంగతి మీకు ఊరటనిస్తుంది. మామూలు తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు శ్రుతి కలిసి ఉండేది సుమారు మూడో వంతు సమయమే. మిగతా సమయమంతా శ్రుతి తప్పడం, మళ్ళీ కలుపుకోవడం. బిడ్డ నేర్చుకునేది ఆ కలుపుకోవడాన్నే. మీ నాన్న కోపం వల్ల మీకు జరిగిన నష్టంలో పెద్ద భాగం కోపం కాదని నా అనుమానం. ఆ తర్వాత ఎవరూ వచ్చి ఏం జరిగిందో చెప్పకపోవడం.

అందుకే సరిదిద్దుకోవడాన్ని ఒక పనిగా నేర్చుకోండి. అరిచేశారు. బిడ్డ భద్రమైన చోట, మరొకరి కంటి ముందు ఉందని చూసుకుని పక్కకు వెళ్ళండి. ఒంట్లో ఉద్రేకం దిగడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు. తిరిగి వచ్చి బిడ్డ కళ్ళ ఎత్తుకు కూర్చోండి. ఏం జరిగిందో ఒక వాక్యం, తప్పు ఎవరిదో ఒక వాక్యం, ఇకపై ఏం చేస్తారో ఒక వాక్యం: "నేను గట్టిగా అరిచాను, నువ్వు భయపడ్డావు. అది నీ తప్పు కాదు, నాకు కోపం ఎక్కువైంది. ఈసారి కోపం వస్తే ముందే పక్క గదిలోకి వెళ్తాను." ఐదేళ్ళలోపు పిల్లలకు అర నిమిషం చాలు. "కానీ" వద్దు. "కానీ నువ్వు కూడా మాట వినలేదు కదా" అన్న మరుక్షణం మొత్తం పోయినట్టే. క్షమించమని బిడ్డను బతిమాలకండి, కన్నీళ్ళతో పదేపదే సారీ చెప్పకండి. అప్పుడు మిమ్మల్ని ఓదార్చే బాధ్యత బిడ్డ మీద పడి, పాత్రలు మళ్ళీ తారుమారవుతాయి. మాటలు రాని పసిబిడ్డకైతే గొంతు నెమ్మది చేసి ఎత్తుకోవడమే సరిదిద్దుకోవడం.

పెద్దయ్యాక కథ చెప్పాలి. నాలుగేళ్ళ బిడ్డకు రెండు వాక్యాలు: "ముత్తాతకు చిన్నప్పుడు చాలా భయమైనది జరిగింది. అందుకే నాన్న చప్పుడుకు ఉలిక్కిపడతాడు, మనకిప్పుడు ఏమీ కాదు." ఎనిమిది పదేళ్ళ పిల్లలకు ఏం జరిగిందో, ఎవరు సాయపడ్డారో, ఎలా బతికారో చెప్పొచ్చు, నెత్తుటి వివరాలు లేకుండా. యుక్తవయసులో వాళ్ళ ప్రశ్నలకు తప్పించుకోకుండా జవాబివ్వండి. ఏమీ చెప్పకపోవడం ఎంత చెరుపో, చిన్నపిల్లల నెత్తిన మొత్తం గుమ్మరించడమూ అంతే చెరుపు.

మొదటి మూడు నెలలు నిద్రలేమి మీ పాత భయాన్ని రెట్టింపు చేస్తుంది, దాన్ని "మళ్ళీ మొదటికొచ్చాను" అనుకోకండి. రాత్రిని ఇద్దరూ పంచుకోండి, ఒక్కొక్కరికి కనీసం నాలుగైదు గంటలు ఏకధాటి నిద్ర పడేలా. ప్రసవం తర్వాతి డిప్రెషన్ తండ్రులకూ వస్తుంది, వాళ్ళలో అది తరచు చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. దిగులు గానీ చిరాకు గానీ రెండు వారాలు దాటితే చూపించుకోండి. బిడ్డతో బంధం సరిగ్గా కుదరనట్టు అనిపిస్తే పుట్టినప్పటి నుంచి ఐదేళ్ళ వరకు పిల్లలతో, తల్లిదండ్రులతో కలిపి చేసే చైల్డ్–పేరెంట్ సైకోథెరపీ ఉంది. వారానికొకసారి, దాదాపు ఏడాది పాటు.

చివరి ప్రశ్న, మీ నాన్నకు బిడ్డను అప్పగించొచ్చా అన్నది. ఆయన ఇప్పటికీ చెయ్యి చేసుకుంటారా, తాగి ఉంటారా అన్నది మొదట చూడండి. ఉంటే ఒంటరిగా వద్దు, ఎవరేమన్నా వద్దు. కోపం మాటల వరకే అయితే, మొదట్లో మీరో మీ భార్యో గదిలో ఉండగా అరగంట, గంట చొప్పున ఇవ్వండి. తాతలైనవాళ్ళు తండ్రులుగా ఉన్నప్పటి కంటే మెత్తబడటం చాలా ఇళ్ళలో చూస్తాం. దాన్ని చూసి మీకు సంతోషంతో పాటు అసూయ కూడా కలగొచ్చు, "నాకెందుకు ఇది దొరకలేదు" అని. ఆ అసూయను ఆయన మీద చూపించకుండా మీ నోటుబుక్‌లో రాసుకోండి, వయసు గడితో సహా. ఆయన గొంతు పెంచితే చేయాల్సింది ముందే అనుకోండి: వాదన లేకుండా బిడ్డను ఎత్తుకుని "ఏడుస్తోంది, కాసేపు తిప్పుకొస్తాను నాన్నా" అని బయటికి రండి. ఆ రాత్రి ఆయన గడియ మూడుసార్లు చూసుకుంటే చూసుకోనివ్వండి.